రాయి దిగింది

మచిలీపట్నం,
2025 మే 26

బాలా,

ఇక్కడ అందరం బాగున్నామని రాసి మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి అందరిలో ఒకడు తగ్గాడు, ఆ ఒకణ్ణి నేనే. కంగారు పడకు, ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను కదా. మొన్న గురువారం పొద్దున్నే ఎడమ పక్క డొక్కలో నొప్పి మొదలైంది. గ్యాసనుకున్నాను. పావుగంటలో చుక్కలు కనబడ్డాయి. కూర్చుంటే నిలబడాలనిపిస్తుంది, నిలబడితే దొర్లాలనిపిస్తుంది. మీ వదిన వాము నీళ్ళు పట్టుకొచ్చేసరికి వరండాలో పొర్లుదండాలు పెడుతున్నాను.

ఫోను చెయ్యలేదని దెప్పకు. ఆ సాయంత్రమే చేశాను. నేను "రాళ్ళు" అంటే నీ చెవి మిషనులో ఎలా వినపడిందో గాని, "పెళ్ళా? ఎవరికి?" అన్నావు. మూడుసార్లు అరిచి, అరుపుకి నొప్పి మళ్ళీ లేస్తుందేమోనని పెట్టేశాను. మనకి ఉత్తరాలే నయం. నీకు మోకాలి ఆపరేషనై నెల కాలేదు, బస్సెక్కి వస్తానని మొదలుపెట్టకు.

స్కానింగు తీశారు. రాయి కిడ్నీలో లేదట. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్ళే సన్నటి గొట్టంలో, పైభాగంలో ఇరుక్కుంది. తొమ్మిది మిల్లీమీటర్లు. ఆ గొట్టం పేరు యురేటర్. డెబ్బై ఏళ్ళుగా నాతో ఉన్న అవయవం పేరు నాకు మొన్ననే తెలిసింది, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఈ ఎండల్లో కాలవలు కట్టేశాక మా కుళాయి నీళ్ళు ఉప్పగా ఉండి సరిగ్గా తాగలేదు, దాని ఫలితం అంటుంది మీ వదిన.

గుడివాడలో భవిత అని ఈ జబ్బులు చూసే డాక్టరు ఉంది. చిన్న పిల్లే గాని ఓపిగ్గా కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మాత్రలు వేసుకుని, నీళ్ళు తాగుతూ, అదే పడిపోతుందేమో కొన్నాళ్ళు చూడటం ఒక దారి. బయటి నుంచి తరంగాలు కొట్టి లోపలున్న రాయిని పిండి చెయ్యడం ఇంకొకటి. దానికి కోత లేదు గాని ఆ మిషను వాళ్ళ దగ్గర లేదు, బెజవాడ వెళ్ళాలి. మూడోది రాయడానికే నాకు ఇబ్బందిగా ఉంది. మూత్రం వచ్చే దారినే గొట్టం పంపించి, లేజరుతో పగలగొట్టడం. అంతా అయ్యాక డీజే వేస్తారట, రెండు వారాల తరవాత తీసేస్తారట.

ఇంటరు పిల్లలకి అన్నేళ్ళు కెమిస్ట్రీ చెప్పినదానివి. ఏది మేలో ఆలోచించి రాయి. ఈ రాయి వేరు, ఆ రాయి వేరు.

ఆశీస్సులతో,
ప్రకాశం అన్నయ్య


అవనిగడ్డ,
2025 మే 29

అన్నయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం మొదటిసారి చదివి ఏడ్చాను. రెండోసారి చదివి నవ్వాను. మూడోసారి పెన్సిలు పట్టుకుని చదివాను, అప్పుడు గాని నాకు బుర్ర పనిచెయ్యలేదు.

ముందు ఆ డీజే సంగతి. ఆసుపత్రిలో డీజే ఏమిటా అని నేనూ మీ బావా ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. కిందటేడు వినాయకచవితికి మా వీధిలో డీజే పెడితే చెవి మిషను తీసేసినా గుండెల్లో మోగింది. "రాయి పగిలిన సంతోషానికి కాబోలు, మీ అన్నయ్య మర్యాదలు అలాగే ఉంటాయి" అన్నారు మీ బావ. మా కోడలు ఉమాశ్రీ ఫోనులో వెతికి చెప్పింది. అది మెత్తటి సన్న గొట్టమట. రెండు కొసలూ ఇంగ్లీషు జే అక్షరంలా వంకీ తిరిగి ఉంటాయి, అందుకని డబుల్ జే. లోపలి దారి వాచి మూసుకుపోకుండా కొన్నాళ్ళు ఉంచుతారు. పెట్టించుకున్నవాళ్ళు తీయించుకోవడం మర్చిపోతే దానిమీదే రాళ్ళు కడతాయట. చూశావా, ఎంత విచిత్రంగా ఉందో.

ఇప్పుడు నా ప్రశ్నలకి జవాబులు రాయి. కిడ్నీ ఉబ్బిందా, ఉబ్బితే ఎంత అన్నారు? రెండోవైపు కిడ్నీ బాగుందా? జ్వరం, చలి ఏమైనా ఉన్నాయా? ఉంటే మాత్రం ఉత్తరం రాస్తూ కూర్చోకు, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళు. డాక్టరమ్మ తన మనసులో ఏది మంచిదనుకుంటోందో అడిగావా? నువ్వు అడిగి ఉండవు. ఎదుటివాళ్ళు చెప్పేది సగం వినేసరికి నీకు మిగతా సగం తెలిసిపోయినట్టు ఉంటుంది.

ఇంకొకటి. రాయి పడితే పారేయకు. టీ వడపోసే పాత జాలీ ఒకటి పెట్టుకుని పట్టు. అది దేనితో తయారైందో తెలిస్తే మళ్ళీ రాకుండా ఏం తినాలో, ఏం మానాలో తెలుస్తుంది. నాకైతే చూడాలని ప్రాణం లాగుతోంది.

నీ చెల్లెలు,
బాల


మచిలీపట్నం,
2025 జూన్ 2

బాలా,

నీ ప్రశ్నాపత్రం అందింది. కిడ్నీ కొద్దిగా ఉబ్బిందన్నారు. రెండోది నిక్షేపంలా ఉంది. జ్వరం లేదు. డాక్టరమ్మ మనసులో ఏముందో అడగలేదు, ఒప్పుకుంటున్నాను. కాని తొమ్మిది మిల్లీమీటర్లంటే తనంతట తను పడటం కష్టమని ఆవిడే అంది. నేను బతిమాలితే, నొప్పి భరించగలిగితే మాత్రలతో రెండు వారాలు చూద్దాం, మధ్యలో ఒకసారి స్కానింగుకి రండి అంది.

ఈలోపు నేను ఆఫీసు పద్ధతిలో విచారణ జరిపించాను. ఫిషరీస్‌లో నాతో పనిచేసిన జయకృష్ణ బెజవాడలో తరంగాలు కొట్టించుకున్నాడు. బల్లమీద పడుకోబెట్టి నడుం మీద రబ్బరు సుత్తితో టకటకా కొట్టినట్టుంటుందట. ఒక విడతకి లొంగలేదు, రెండోసారి వెళ్ళాడు. ముక్కలయ్యాక అవన్నీ బయటికి రావాలి కదా, ఒక్కో ముక్కా ఒక్కో కబురు చెప్పి మరీ వచ్చిందట. మా వెనకింటి సరోజగారు లేజరు చేయించుకున్నారు. ఒక పగలు వెళ్ళి మర్నాడు వచ్చేశారు, రాయి శుభ్రంగా పోయింది. కాని ఆ వంకీల గొట్టం ఉన్నన్నాళ్ళూ కాపురం బాత్రూం గుమ్మంలోనే అన్నారు. గొట్టం తీయించాక బంగారంలా ఉన్నారు. ఇద్దరూ తాము చేయించుకున్నదే మంచిదంటున్నారు. ఇంక నేను ఎవరి మాట వినను?

గిలకలదిండిలో శామ్యూల్ రాజ్ అని ఒక బోటు సరంగు ఉన్నాడు, అంటే బోటు నడిపించేవాడు. నీకు చెప్పే ఉంటాను, లైసెన్సు పనిమీద ఆఫీసుకి వచ్చిన దగ్గర్నుంచీ నాకు స్నేహితుడు. అతనికీ ఇదే రోగం, ఏడు మిల్లీమీటర్లు, గొట్టం కిందివైపు. చేపల వేట నిషేధం అయ్యేలోపే లేజరు చేయించుకుందామని గుడివాడలోనే పదకొండో తారీఖుకి రాయించుకున్నాడు. "మీకు ఎలా ఉందో చెప్పండి సారూ, మీరు చదువుకున్నవాళ్ళు" అని రోజూ వచ్చి నన్ను అడుగుతాడు.

నేను ఆగుతున్నాను. మాత్రలు వేసుకుంటున్నాను. పొద్దున్నా సాయంత్రం మీ వదిన ఉలవకట్టు కాచి ఇస్తోంది. నిజం చెప్పమంటావా? ఆ మూడో దారి తలుచుకుంటే నాకు భయం. నవ్వకు.

ప్రకాశం


అవనిగడ్డ,
2025 జూన్ 5

అన్నయ్యా,

నవ్వలేదు. మోకాలికి కత్తి పెడతారంటే నేను వారం రోజులు అన్నం తినలేదు, నీకు తెలుసు.

జయకృష్ణగారూ సరోజగారూ ఇద్దరూ నిజమే చెప్పి ఉంటారు. రాయి పైన ఉంటే తరంగాలతో కొట్టడం కుదురుతుందట. కిందికి వచ్చాక అడుగునుంచి వెళ్ళే గొట్టానికి దారి దగ్గరవుతుంది, ఒకసారితోనే పని అయిపోయే అవకాశం ఎక్కువ. అంటే ఏ వైద్యం మంచిదనే ప్రశ్నకి ముందు రాయి ఇవాళ ఎక్కడుందనే ప్రశ్న రావాలి. రాయి ఒక చోట ఉండే వస్తువు కాదు కదా. నాలుగైదు మిల్లీమీటర్లవి చాలా మందికి ఆగితే పడిపోతాయి. నీది దానికి రెట్టింపు. ఆగడంలో తప్పు లేదు గాని, డాక్టరమ్మ ఇచ్చిన గడువు మాత్రం దాటనివ్వకు.

మా వీధి చివర ఖాళీ స్థలంలో కొండపిండి ఆకు విరగకాసినట్టు మొలిచింది. రాళ్ళు కరుగుతాయని ఇక్కడందరూ కషాయం పెట్టుకుంటారు. నీకు పంపడం లేదు. ఆ ఆకు మీద నాకు కోపమేమీ లేదు. మాత్రలు, ఉలవకట్టు, కొండపిండి అన్నీ ఒకేసారి పోస్తే రేపు ఏది పనిచేసిందో ఎలా తెలుసుకుంటావు? ఆ మూడింటిలో ఏదీ పనిచెయ్యకపోతే అది కూడా తెలియదు.

మీ బావకి పనసకాయ దొరికింది. నువ్వుంటే బాగుండేదని అనుకుంటూ తిన్నారు.

బాల


మచిలీపట్నం,
2025 జూన్ 9

చిరంజీవి బాలసరస్వతికి విజేతయైన అన్నగారు రాయునది.

నీ ఉత్తరం వచ్చేలోపే ఇక్కడ పని అయిపోయింది. రాయి దిగిపోయింది! శుక్రవారం గుడివాడ వెళ్ళాను. డాక్టరమ్మ స్కాను చూసి, "రాయి దిగిందండీ, సంతోషం" అంది. నేను లేచి రెండు చేతులూ జోడించి బయటికి వచ్చేశాను. ఆవిడ ఇంకా ఏదో చెబుతూనే ఉంది గాని, టోకెన్లవాళ్ళు గుమ్మంలో తోసుకుంటున్నారు, నాకు పామిడిముక్కల మీదుగా మొవ్వ వైపు వెళ్ళే కారు దొరికింది, జయకృష్ణ అల్లుడిది. చుట్టుదారే గాని ఊరికే తీసుకొస్తానన్నాడు. నొప్పి ఆ ముందురోజు నుంచే లేదు. ఇప్పటికీ లేదు. మూడు చపాతీలు తిని పడుకుంటున్నాను.

నిన్న పొద్దున చూస్తే, గుడివాడ వెళ్ళేముందు పెరట్లో వదిలేసిన నీ జాలీలో సాక్షాత్తూ రాయి కనిపించింది. తెల్లగా, ఒక పక్క గరుకుగా, ఇంకో పక్క నున్నగా ఉంది. తొమ్మిది మిల్లీమీటర్లు లేదు, అరిగిపోయి ఉంటుంది. దూదిలో చుట్టి ఈ కవరులో పెట్టాను. నీ ముచ్చట తీర్చుకో. లోకంలో ఏ అన్నా చెల్లెలికి ఇలాంటి కానుక పంపి ఉండడు.

మీ వదిన వీధి వీధంతా ఉలవకట్టు పంచింది. సరోజగారి తమ్ముడు రెండు గ్లాసులు తాగాడు, ఆయనకి అసలు రాళ్ళే లేవు. శామ్యూల్ రాజ్ నా మాట విని పదకొండో తారీఖు ఆపరేషను మానేశాడు. "మీ తొమ్మిదే పోయాక నా ఏడు ఎంతండీ" అన్నాడు. నిషేధం ఎత్తెయ్యగానే సముద్రం మీదకి వెళ్తానంటున్నాడు. క్యాను నిండా కట్టు పోసి పంపిస్తానని మీ వదిన మాటిచ్చింది.

నువ్వూ బావా దేవుడికి ఒక కొబ్బరికాయ కొట్టండి.

ప్రకాశం


అవనిగడ్డ,
2025 జూన్ 14

అన్నయ్యా,

కొబ్బరికాయ కొట్టాం. మోపిదేవి వెళ్ళే ఆయనతో గుళ్ళో కూడా ఒకటి కొట్టించాం. తరవాత నీ కానుక విప్పాను. ఈ మాట ఎలా రాయాలో తెలియక రెండు రోజులు ఊరుకున్నాను.

భూతద్దంలో చూస్తే నున్నటి పక్కన సన్నటి గీతలు వరసగా, వంపు తిరిగి ఉన్నాయి. రాయికి అలా ఉండవని గట్టిగా చెప్పలేను, నేను డాక్టర్ని కాను. అందుకని ఒక కొస విరిచి గరిటెలో వెనిగర్ పోసి వేశాను. బుసబుసా పొంగింది. పక్కనే కోడిగుడ్డు పెంకు వేశాను, అదీ అలాగే పొంగింది. మనుషులకి వచ్చే రాళ్ళు చాలామటుకు ఆక్సలేట్‌తో అయినవి. అవి వెనిగర్‌కి ఇలా పొంగవు. ఇలా పొంగేది సున్నం జాతి. పెంకు, ముగ్గురాయి, గుల్ల.

మీ ఇల్లు కట్టేటప్పుడు పెరడు మెరక చేయించడానికి సముద్రపు ఇసుక తోలించారు. వదిన ముగ్గు వేసేటప్పుడల్లా గుల్ల ముక్కలు కాలికి గుచ్చుకుంటున్నాయని తిట్టుకుంటుంది. జాలీ ఆ ఇసుకలో పెట్టావా అన్నయ్యా? ఇది నీ రాయి కాదనే నా అనుమానం.

ఒక్క సంగతి జ్ఞాపకం తెచ్చుకుని రాయి. డాక్టరమ్మ సరిగ్గా ఏ మాట అంది? నువ్వు దానికి చెప్పే అర్థం నాకు వద్దు. ఆవిడ అన్న మాట కావాలి.

బాల


మచిలీపట్నం,
2025 జూన్ 19

బాలా,

నా రాయిని గరిటెలో వేసి వెనిగర్ పోశావా? ఇంట్లో అందరి ముందూ చదివాను నీ ఉత్తరం. మీ వదిన నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను నీకంటే ఏడేళ్ళు పెద్దవాణ్ణి. నా ఒంట్లోంచి వచ్చింది రాయో గుల్లో నాకు తెలియదా?

జాలీ ఇసుకలో పెట్టానో గట్టుమీద పెట్టానో గుర్తు లేదు. అది అనవసరం. డాక్టరమ్మ "దిగింది" అని నోరారా అంది. సంతోషం అని కూడా అంది. రాయి లోపల ఉంటే సంతోషం ఎందుకు? నాకు నొప్పి లేదు. నొప్పి లేనివాడు ఆసుపత్రికి వెళ్ళి ఏం చెప్పాలి? బాగున్నాను, బాగుచెయ్యండి అని అడగాలా?

పరీక్షలు పెట్టడం నీకు ఉద్యోగంలో అలవాటైపోయింది. ఇక ఈ విషయం వదిలెయ్యి.

ప్రకాశరావు


అవనిగడ్డ,
2025 జూన్ 24

అన్నయ్యా,

పూర్తి పేరు పెట్టి సంతకం చేశావు. నీకు ఎంత కోపం వచ్చిందో తెలిసింది. ఇంకెంత కోపం వచ్చినా సరే, ఇది చదువు.

బస్సు దిగినవాడు బయట ఉంటాడు. మెట్లు దిగినవాడు ఇంకా ఇంట్లోనే ఉంటాడు. డాక్టరమ్మ ఏ దిగడం చెప్పింది? ఆ గొట్టంలో పైన ఉన్న రాయి కిందికి దిగితే ఆవిడ సంతోషం అనదా? సగం దారి వచ్చింది కదా మరి. పడిపోయిందని ఆవిడ అనలేదు. దిగిపోయిందని కూడా అనలేదు, ఆ "పోయింది" నువ్వు చేర్చావు. నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను.

నొప్పి లేకపోవడం నన్ను ఇంకా భయపెడుతోంది. దారి మూసుకుపోయి ఉన్నా కొన్నాళ్ళకి నొప్పి తగ్గిపోవచ్చట, కిడ్నీ మాత్రం లోపల పాడవుతూనే ఉంటుందట. నీ మాట తప్పని నిరూపించాలని నాకు లేదు. నేనే ఓడిపోవాలి. స్కానులో రాయి లేదని వస్తే నాకు బుద్ధి లేదని నలుగురిలో చెప్పు, పడతాను. ఒక్కసారి వెళ్ళి తీయించుకో. నాకు నీ కిడ్నీ కావాలి, నువ్వు కావాలి.

శామ్యూల్ రాజ్ బోటెక్కాడా?

బాల


మచిలీపట్నం,
2025 జూలై 3

బాలా,

నీ మాట విని వెళ్ళానని అనుకోకు. ఉత్తరం చివర శామ్యూల్ బోటెక్కాడా అని అడిగావు. తెలుసుకుందామని శనివారం పొద్దున గిలకలదిండి వెళ్ళాను. అంతే.

నిషేధం ఎత్తేశాక ఒక విడత వెళ్ళొచ్చాడట. సముద్రం మీద నొప్పి లేచి, బోటులో పడుకోవడానికి చోటు లేక వలల కుప్పమీద పడుకున్నాడట. ఆ పూట మళ్ళీ బయల్దేరుతున్నారు. ఐసు ఎక్కిస్తున్నారు. నేను వెళ్ళేసరికి చొక్కామీద స్వెట్టరు వేసుకుని నిలబడి ఉన్నాడు. జూన్ నెలలో, బందరులో, స్వెట్టరు! అది చూసి నీ ఉత్తరం గుర్తొచ్చింది. చలి అన్న మాట నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు.

"శామ్యూలూ, బోటెక్కకు. నా రాయి పడలేదేమో. నేను నీకు చెప్పింది తప్పు" అన్నాను.

"రాత్రి నుంచి చలేస్తోందండీ. ఐసు దగ్గర నిలబడ్డందుకనుకుంటున్నాను" అన్నాడు.

ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది. బోటు ఇంకొకళ్ళకి అప్పజెప్పించి, కారు మాట్లాడి గుడివాడ తీసుకెళ్ళాను. రాయి అడ్డుపడి, వెనక నిలిచిన మూత్రం చీము పట్టిందట. ఇలాంటప్పుడు రాయిని ముట్టుకోరట. ముందు ఆ వంకీల గొట్టం పెట్టి నిలిచిందంతా దిగేలా చేశారు, మందులు ఎక్కించారు. జ్వరం తగ్గి ఒళ్ళు కుదుటపడ్డాక లేజరు చేస్తారు. మనం కూర్చుని పోల్చుకున్న మూడు దారుల్లో ఇది లేనే లేదు చూడు. "ఇవాళ సముద్రం మీదకి వెళ్ళి ఉంటే ఆయన తిరిగి వచ్చేవారు కాదు" అంది డాక్టరమ్మ.

అప్పుడు నా వైపు తిరిగి, "మీరు రెండు వారాలకి రమ్మంటే రాలేదేం?" అంది. నేను శామ్యూల్‌కి తోడు వచ్చానమ్మా అన్నాను. వినలేదు, బల్ల ఎక్కించింది. రాయి ఉంది బాలా. గొట్టం చివర, మూత్రాశయం గుమ్మంలో కూర్చుని ఉంది. మెట్లు దిగి గుమ్మంలో ఆగింది. కిడ్నీ బాగా ఉబ్బిపోయింది. నొప్పి ఎందుకు లేదమ్మా అని అడిగాను. దారి లేక కొన్నాళ్ళకి అది పని తగ్గించుకుంటుందట, ఒత్తిడి తగ్గుతుంది, దానితో నొప్పీ తగ్గుతుంది. పని మానుకుని ఊరుకుందన్నమాట. ఊరుకున్నందుకు నేను చపాతీలు తిన్నాను.

ఇప్పుడు తరంగాల మాటే లేదు, కిందనే ఉంది గనుక లేజరే అంది. సోమవారం చేసేశారు. మత్తు ఇచ్చారు, నాకేమీ తెలియలేదు. నేను భయపడినదానిలో పదో వంతు కూడా లేదు. పొడి చేసి తీసేశారు, గొట్టం పెట్టారు. సరోజగారు చెప్పిందంతా నిజం, ఈ ఉత్తరం మధ్యలో నాలుగుసార్లు లేచాను. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ శామ్యూల్ పక్క మంచం మీద నుంచి నన్ను చూసి నవ్వాడు.

నీ బస్సు, మెట్ల సంగతి డాక్టరమ్మకి చెప్పాను. పుస్తకంలో రాసుకుంది. ఇక నుంచి ముందు "రాయి ఇంకా లోపలే ఉంది" అని చెప్పి, ఆ తరవాతే సంతోషం అంటానంది.

మీ అన్నయ్య


అవనిగడ్డ,
2025 జూలై 8

అన్నయ్యా,

బతికించావు. మీ బావకి చదివి వినిపిస్తూ మధ్యలో ఆయనకిచ్చేశాను, మిగతాది ఆయన చదివారు.

గొట్టం తీసే తారీఖు గోడ క్యాలెండరులో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టించు. నీదీ, శామ్యూల్ రాజ్‌దీ కూడా. నీళ్ళు తాగు. తీసిన పొడి పరీక్షకి పంపారా? దేనితో అయిందట? కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూసే స్కాను వేరే ఉంటుందట, అది ఎప్పుడు చేస్తారు? నువ్వు చెప్పకపోతే నేను అడుగుతూనే ఉంటాను.

వీధిలో కట్టు తాగినవాళ్ళందరికీ అసలు సంగతి చెప్పావా?

బాల


మచిలీపట్నం,
2025 ఆగస్టు 18

బాలా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. గొట్టం తీసేశారు, అనుకున్న రోజుకే. పొడి ఆక్సలేటే, నువ్వు గెలిచావు. వీధిలో ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. ఉలవకట్టుకి రాయి పడలేదు, నాకు పడిందనుకున్నది గుల్ల ముక్క అని. మీ వదిన గేటు దగ్గర నిలబడి నవ్వింది. సరోజగారి తమ్ముడికి మాత్రం కట్టు రుచి తగిలింది, కావాలంటున్నాడు. శామ్యూల్‌కి రాయి తీసేశారు, కిడ్నీ పూర్తిగా బాగుందట. మళ్ళీ బోటు మీద వెళ్తున్నాడు. వెళ్ళే ముందు ఇంటికి వచ్చి కనబడి వెళ్తున్నాడు.

పోయినవారం బెజవాడలో నాకు నువ్వు అడిగిన ఆ స్కాను తీశారు. ఎడమ కిడ్నీ చెయ్యాల్సిన పనిలో సగమే చేస్తోందట. కోలుకోవలసినంతా కోలుకుంది, ఇంతకంటే రాకపోవచ్చు అన్నారు. జూన్ నెల్లో గడువుకే వెళ్ళి ఉంటే అని డాక్టరమ్మ మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. రెండోది బాగుంది గనుక బతకడానికి ఇబ్బంది లేదు.

నిన్న మంచి వాన పడింది. కృష్ణకి నీళ్ళొచ్చాయి, మన కృష్ణ ఒడ్డు శ్రీకాకుళం ఊళ్ళో గుడి మెట్ల దాకా వచ్చాయని జయకృష్ణ చెప్పాడు. మీ వదిన నిమ్మకాయ ఊరేస్తోంది. మేమందరం బాగున్నాం.

ప్రకాశం


అవనిగడ్డ,
2025 ఆగస్టు 22

అన్నయ్యా,

సగం పోయిందని ఒక్క ముక్కలో రాసి, వెంటనే వాన గురించీ నిమ్మకాయ గురించీ రాశావు. నీ ఉత్తరంలో ఆ ఒక్క ముక్కే నాకు కనబడుతోంది. నాకు నీమీద కోపంగా ఉంది. జూన్ నెల్లో నేను ఇంకా గట్టిగా రాయలేదని నామీద నాకు కోపంగా ఉంది. శామ్యూల్ రాజ్‌కి పూర్తిగా మిగిలిందంటే సంతోషంగా ఉంది, అది నీవల్లే మిగిలిందని గర్వంగానూ ఉంది. ఇన్నీ ఒకేసారి ఉంటే అన్నం ఎలా సయిస్తుంది?

బాగున్నామని రాశావు. నీకు నొప్పి లేదని రాసినప్పుడు కూడా బాగున్నాననే అన్నావు. ఆ మాట నేను ఇక కాగితం మీద నమ్మలేను.

మోకాలి డాక్టరు నిన్న ప్రయాణానికి ఒప్పుకున్నాడు. సోమవారం పొద్దున వస్తున్నాను, పది రోజులుంటాను. వదినకి చెప్పు. నాకు చెవి వినపడదని అరిచి మాట్లాడకు, అసలు మాట్లాడనక్కరలేదు. ఎదురుగా కూర్చో, చాలు. నీ మొహం చూసి నేనే తెలుసుకుంటాను.

బాల